ది లాస్ట్ టైటన్ కథ లీకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (వావ్) ఆటలో రెయిడ్, అంటే పెద్ద జట్టుగా బాస్‌ల మీదికి వెళ్లడం, మొదలయ్యే ముందు పది నిమిషాలు ఖాళీ దొరికితే చాలు, మా గిల్డ్‌లో (కలిసి ఆడే మా బృందంలో) ఎవరో ఒకరు ఒక లింక్ పడేస్తారు. "అన్నా, ఇది చూశావా? లాస్ట్ టైటన్ కథ మొత్తం బయటికొచ్చేసిందంట." ది లాస్ట్ టైటన్ అంటే ఈ ఆటకు ప్రకటించిన ఒక ఎక్స్‌పాన్షన్, కొత్త కథ, కొత్త ప్రాంతాలు జోడించే పెద్ద విడుదల. దాని లీకుల గురించి చెప్పిందే చెప్పి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాశాను. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి. ఇప్పటికే విడుదలైన ఎక్స్‌పాన్షన్‌ల కథను మాత్రం దాచకుండా రాశాను. ది వార్ వితిన్ ఇంకా ఆడనివాళ్లు కాస్త జాగ్రత్త.

## ముందుగా: తెలిసిందెంత, వినికిడి ఎంత

ది లాస్ట్ టైటన్ గురించి ఆట తయారుచేసే కంపెనీ బ్లిజార్డ్ నిజంగా చెప్పిందేమిటి?

2023 నవంబరు 3న బ్లిజ్‌కాన్ (కంపెనీ జరిపే అభిమానుల సమావేశం) వేదిక మీద వార్‌క్రాఫ్ట్ కథారచయిత క్రిస్ మెట్జెన్ వరల్డ్‌సోల్ సాగా పేరుతో మూడు ఎక్స్‌పాన్షన్‌లను ఒకేసారి ప్రకటించారు: ది వార్ వితిన్, మిడ్‌నైట్, ది లాస్ట్ టైటన్. మొదటిది 2024 ఆగస్టు 26న వచ్చింది. రెండోదానికి 2026 మార్చి 2 తేదీ ఇచ్చారు. మూడోదాని గురించి ఆ రోజు చెప్పింది నాలుగు ముక్కలే. మళ్లీ నార్త్‌రెండ్ ఖండానికి, అక్కడి ఉల్దువార్‌కి వెళ్తాం. టైటన్‌లు, అంటే కథలో లోకాలను తీర్చిదిద్దిన దేవతల్లాంటివాళ్లు, ఆట జరిగే లోకం అజెరాత్‌కి తిరిగొస్తారు. అజెరాత్ చరిత్ర పొడవునా సాగిన ఒక పెద్ద కుట్ర బయటపడుతుంది. టైటన్‌ల గురించి ఇన్నాళ్లూ మనం నమ్మింది తారుమారవుతుంది. ఇంతకు మించి మీ చెవిన పడిన కథ ఏదైనా సరే, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోండి.

లీక్, డేటామైన్, థియరీ... అన్నీ ఒకటే కదా?

కాదు. గొడవంతా ఈ మూడింటినీ కలిపేయడం వల్లే. కంపెనీ దాచిపెట్టింది వాళ్లకు తెలియకుండా బయటికొస్తే అది లీక్. కంపెనీ తనంతట తాను అందరి కంప్యూటర్లకూ పంపిన ఫైళ్లను విప్పి చూస్తే అది డేటామైన్. ఉన్న కథను చదివి, ముందు ఏం జరగొచ్చో ఊహిస్తే అది థియరీ.

టైటన్‌ల విషయంలో థియరీలకు కొదవ లేదు. 2016 నుంచి వచ్చిన క్రానికల్ పుస్తకాల్లో చెప్పిన సృష్టి చరిత్ర టైటన్‌ల వైపు నుంచి చెప్పిన కథ మాత్రమేనని తర్వాత ప్రకటించారు. అప్పటి నుంచి "టైటన్‌లే అసలు విలన్లు" అన్న మాట ఊపందుకుంది. మంచి థియరీయే, నాకూ ఇష్టం. కానీ దానికి ఒక స్క్రీన్‌షాట్ తగిలించి లీక్ అని తిప్పితే అది లీకైపోదు.

ఇంకా ప్రకటించకముందే సంగతులు ఎలా బయటికొస్తాయి? లోపలివాళ్లు చెప్తారా?

లోపలివాళ్ల నోటి కంటే కాగితాల వల్ల, ఫైళ్ల వల్ల బయటపడ్డవే గట్టిగా నిలబడ్డాయి. 2009 వేసవిలో ప్యాచ్ (అప్‌డేట్) 3.2 టెస్ట్ ఫైళ్లలో హాలోస్ ఎండ్ పండుగ మాస్కులు కొత్తవి కొన్ని దొరికాయి: గోబ్లిన్ ఆడ, మగ, వోర్గెన్ ఆడ, మగ. ఆ పండుగలో ఆడగలిగే జాతులకే మాస్కులు ఉంటాయి. ఆటగాళ్లు ఆ చిన్న ఆధారం పట్టుకుని లెక్క కట్టారు. ఆగస్టు 21న కాటాక్లిజమ్ ప్రకటించినప్పుడు కొత్త జాతులు సరిగ్గా అవే.

2011లో మిస్ట్స్ ఆఫ్ పాండారియా పేరు ట్రేడ్‌మార్క్ దరఖాస్తులో కనిపించింది. పాండారెన్ జాతి 2002లో ఏప్రిల్ ఫూల్ జోక్‌గా పుట్టింది కాబట్టి చాలామంది నవ్వి కొట్టిపారేశారు. ఆ అక్టోబరు 21న అదే పేరుతో ఎక్స్‌పాన్షన్ ప్రకటించారు. 2022 ఏప్రిల్‌లో డ్రాగన్‌ఫ్లైట్ పేరు ప్రకటనకు కాస్త ముందే అధికారిక వెబ్‌సైట్ కోడ్‌లో దొరికిపోయింది.

ఈ మూడింట్లోనూ బయటపడింది ఒక పేరో, ఒక మాస్కో. కథ కాదు. గోబ్లిన్ మాస్కు చూసి కాటాక్లిజమ్ విలన్ డెత్‌వింగ్ ప్రపంచాన్ని చీల్చేస్తాడని ఎవరూ చెప్పలేరు.

## ప్రకటనకు ముందు తిరిగేవి

జోన్‌లు, రెయిడ్‌లు, చివరి బాస్‌తో సహా పది పేజీల డాక్యుమెంట్ తిరుగుతోంది. నమ్మొచ్చా?

అంత నిండుగా ఉందంటేనే నాకు అనుమానం. నిజమైన లీక్ సాధారణంగా చిన్నగా, చప్పగా ఉంటుంది. అబద్ధపు లీక్ పెళ్లి భోజనంలా ఉంటుంది, అందరికీ కావలసింది వడ్డిస్తుంది: మీకు ఇష్టమైన క్లాస్, మీకు ఇష్టమైన చచ్చిపోయిన క్యారెక్టర్, పాత జోన్ కొత్త హంగులతో.

ఇంకో చిట్కా కూడా నడుస్తుంది. ఒకే మనిషి నాలుగు పేర్లతో నాలుగు రకాల డాక్యుమెంట్లు పెడతాడు. ప్రకటన వచ్చాక తప్పిన మూడూ డిలీట్ చేస్తాడు. మిగిలినదాన్ని చూసి జనం "వీడు ముందే చెప్పాడ్రా" అని ఆశ్చర్యపోతారు. అందుకే పోస్ట్ తేదీతో పాటు, తర్వాత ఎడిట్ చేశారా, ఆ అకౌంట్ వయసెంత, ప్రకటనకు ముందు ఎవరైనా దాన్ని కాపీ చేసి పెట్టారా అని చూడండి.

నేను చూసే ముఖ్యమైన విషయం వేరే. ఆ డాక్యుమెంట్‌లో ఎవరూ ఊహించలేని, ఎవరూ కోరుకోని సంగతి ఒక్కటైనా ఉందా? 2011లో పాండాలు కావాలని ఎదురుచూసినవాళ్లు తక్కువే. అలాంటిది ఏమీ లేకుండా అన్నీ తియ్యటి కబుర్లే ఉంటే అది అభిమాని రాసుకున్న కోరికల జాబితా.

ఇల్లిడాన్ తిరిగొస్తాడంట, నిజమేనా?

రావచ్చు. వచ్చినా లీక్ నిజమని రుజువు కాదు. లీజియన్ ఎక్స్‌పాన్షన్ చివర్లో, 2017లో ఆంటోరస్ రెయిడ్ తర్వాత, చెడ్డవాడిగా మారిన టైటన్ సార్గెరాస్‌కి కాపలాగా డీమన్ హంటర్ ఇల్లిడాన్ పాంథియాన్ పీఠం దగ్గరే ఉండిపోయాడు. ఆ పీఠం టైటన్‌లదే. టైటన్‌ల కథ అని పేరు పెట్టాక అక్కడే కూర్చున్న మనిషి గుర్తుకురాకుండా ఎలా ఉంటాడు? అమావాస్య తర్వాత పున్నమి వస్తుందని చెప్పినవాణ్ని జ్యోతిష్కుడు అనలేం. సిలిథస్‌లో దిగబడి ఉన్న సార్గెరాస్ కత్తి గురించి వచ్చే "లీకులు" కూడా ఈ కోవలోవే. 2023లో చూపించిన ట్రైలర్‌లో కథలోని హీరోలు ఆండుయిన్, త్రాల్ మాట్లాడుకున్నది ఆ కత్తి నీడలోనే.

స్క్రీన్‌షాట్ అచ్చం అసలైనదిలా ఉంది. ఫేక్ అని ఎలా పట్టుకోవాలి?

మొదట బొమ్మను పెద్దది చేసి అక్షరాలు చూడండి. జోన్ మ్యాప్ అయితే ఊళ్ల పేర్లు, నదుల ఒంపులు, కొండల వరుస గమనించండి. ఏఐతో చేసినవాటిలో ఒకే కొండ నాలుగుచోట్ల కనిపిస్తుంది, దారి చెరువులోకి వెళ్లి ఆగిపోతుంది, చిన్న అక్షరాలు అక్షరాల్లా ఉండవు. మానిటర్‌ని ఫోన్‌తో వంకరగా తీసిన ఫోటో అయితే ఇంకా జాగ్రత్త. ఆ మసక కావాలని పెట్టింది కావచ్చు, లోపాలన్నీ దాంట్లో కలిసిపోతాయి.

లాగిన్ తెరలో ఎడమ మూల కింద వెర్షన్ నంబరు ఉంటుంది. ది వార్ వితిన్ 11.0తో, మిడ్‌నైట్ 12.0తో మొదలయ్యాయి కాబట్టి తర్వాతిది 13.0 అని ఎవరైనా రాయగలరు. ఫైల్ పేర్ల ముందు 13 ఉందనో, వెర్షన్ నంబరు సరిపోయిందనో నమ్మేయకండి. ఫేక్ చేసేవాడికీ లెక్కలొచ్చు.

వార్తల సైట్‌లో వచ్చిందిగా, ఇంకా డౌట్ ఎందుకు?

2023 జులైలో వావ్ ఆటగాళ్లకు ఒక అనుమానం వచ్చింది. రెడిట్‌లో వాళ్లు రాసుకున్నదాన్ని ఏదో బాట్ ఏరుకుపోయి వార్తలుగా అచ్చేస్తోందని. పరీక్షిద్దామని "గ్లోర్బో" అనేదాన్ని ఎట్టకేలకు గేమ్‌లోకి తెచ్చారంటూ సంబరపడుతూ ఒక పోస్ట్ పెట్టారు. గ్లోర్బో అనేది లేదు. కింద కామెంట్లలో అందరూ కలిసి నాటకం రక్తికట్టించారు. బాట్‌లు నడిపే పెద్ద వార్తా సైట్లు దీని మీద వ్యాసం వేస్తే బాగుండునని పోస్ట్‌లోనే ఒక వాక్యం కలిపారు. ఒక గేమింగ్ సైట్ నిజంగానే వ్యాసం వేసింది. ఆ వాక్యాన్ని కూడా ఆటగాడి అభిప్రాయమని తీసుకుని మరీ వేసింది.

ఇప్పటికీ మా గిల్డ్‌లో ఎవరైనా ఆధారం లేని కబురు తెస్తే "గ్లోర్బో" అని ఒక్క మాట టైప్ చేసి ఊరుకుంటాం.

తెలుగు వీడియోలో ఖాయంగా చెప్పారే?

ఆ వీడియో మూలం ఏమిటో చూడండి. మన భాషలో వినికిడిని వినికిడిగానే చెప్పడానికి చక్కని సౌకర్యం ఉంది: వస్తాడంట, చనిపోతుందట. మొదట పెట్టినవాడు "వస్తాడంట" అంటాడు. అది చూసి వీడియో చేసినవాడు "వస్తాడు" అంటాడు. థంబ్‌నెయిల్‌కి వచ్చేసరికి "వచ్చేశాడు!" అయిపోతుంది. మధ్యలో రాలిపోయింది ఒక్క "అంట" మాత్రమే, కానీ అసలు సమాచారం అందులోనే ఉంది.

## ఆల్ఫా, బీటా, పీటీఆర్ రోజుల్లో (విడుదలకు ముందు ఆటగాళ్లతో పరీక్షించే దశలు)

డైలాగ్ డేటామైన్‌లో దొరికిందంటే ఖాయమే కదా?

డైలాగ్ ఉందన్నది ఖాయం. దాని అర్థం కాదు. డేటామైన్ చేసినవాళ్లకు కనిపించేది ఒక పట్టిక. ఒక్కో వరుసలో ఒక నంబరు, ఒక వాక్యం, దానికి తగ్గ హావభావం నంబరు, సౌండ్ నంబరు, అంతే. ఎవరు ఎవరితో అన్నారు, ఎప్పుడు, ఏ ముఖంతో అన్నారు అనేవి ఆ వరుసలో ఉండవు. వరుసలు కథ జరిగే క్రమంలో కూడా ఉండవు.

ఉదాహరణకు "నువ్వు మమ్మల్ని నమ్మకుండా ఉండాల్సింది" లాంటి వాక్యం ఒకటి దొరికిందనుకుందాం. టైటన్ మనతో అన్నాడా? మనవైపు వాళ్లే ఒకరు పశ్చాత్తాపంతో అన్నారా? కలలో వినిపించిందా? ఇంగ్లీషులో అదే వాక్యం దొరికితే ఇంకో చిక్కు. అక్కడ "యూ" ఒక్కటే. తెలుగులో చెప్పేవాడు నువ్వు అనాలో మీరు అనాలో తేల్చుకోవాలి, వాడు అనాలో ఆయన అనాలో తేల్చుకోవాలి. తేల్చుకున్న ఆ క్షణంలోనే ఇద్దరి మధ్య చుట్టరికమో, పగో తన సొంతంగా కల్పించేసినట్టే. నేనూ ఒకసారి ఇలాగే ఒక వాక్యాన్ని "వాడు" అని చెప్పి గిల్డ్ మొత్తాన్ని తప్పు విలన్ వెనక పరిగెత్తించాను. తీరా ఆ మాట అన్నది ఒక తల్లి.

వాక్యం ముందు డీఎన్‌టీ అని ఉంటే అది అనువదించవద్దని పెట్టిన గుర్తు, అంటే డిజైనర్లు తమ కోసం రాసుకున్నది. దాన్ని కథగా చదవొద్దు.

టెస్ట్ సర్వర్‌లో క్యారెక్టర్లు రోబోల్లా మాట్లాడుతున్నారేంటి? కథలో భాగమా?

కాదు. అసలు నటుల గొంతు రికార్డు చేసి పెట్టేలోగా కంప్యూటర్ గొంతుతో తాత్కాలికంగా నింపుతారు. ఆ గొంతుతో విని "ఈ సీన్ ఎంత చప్పగా ఉంది" అని తీర్పు చెప్పేయకండి.

ఫలానా క్యారెక్టర్ చనిపోతున్నట్టు దొరికింది. ఇక అయిపోయినట్టేనా?

మాంత్రికుడు ఖాడ్గర్‌ని తలుచుకోండి. ది వార్ వితిన్ మొదట్లోనే విలన్ జాలటాత్ దలారాన్ నగరాన్ని కూల్చేసింది. ఆమెకు ఎదురు నిలిచిన ఖాడ్గర్ మన కళ్ల ముందే మాయమయ్యాడు. ఆ సీన్ ఒక్కటే విడిగా చూసినవాళ్లు అతను చనిపోయాడనే చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, చూసింది చెప్పారు. తర్వాత కథలో అతను బతికే ఉన్నాడని తేలింది. ఒక్క సీన్ చూసి పదమూడో రోజు లెక్కలు మొదలుపెట్టకండి.

బీటాలోనే కథ మొత్తం ఆడేసి తెలుసుకోవచ్చు కదా?

లెవెల్ పెంచుకునే దారిలో వచ్చే కథ చాలావరకు కనిపిస్తుంది. ముగింపు కనిపించదు. రెయిడ్ చివరి బాస్‌ని పబ్లిక్ టెస్ట్‌కి పెట్టకపోవడం ఆనవాయితీ. ముఖ్యమైన సినిమాటిక్‌లను కూడా బీటా ఆటగాళ్ల కంట పడనివ్వరు. వాటి స్థానంలో ఖాళీ తెర వచ్చి వెళ్లిపోతుంది. బీటా ఆడి వచ్చిన స్నేహితుడు "ముగింపు చూశా" అంటే, ఏ రెయిడ్ ఏ బాస్ అని మెల్లగా అడగండి.

కొన్ని ఫైళ్లు లాక్ అయి ఉంటాయంటారు. అదేమిటి?

2014లో వార్లార్డ్స్ ఆఫ్ డ్రేనోర్‌తో ఫైళ్లు దాచే పద్ధతి మారింది. పాత ఎంపీక్యూ పోయి క్యాస్క్ వచ్చింది. ఇందులో కొన్ని ఫైళ్లను తాళం వేసి పంపొచ్చు. ఫైల్ మీ కంప్యూటర్లో ముందే దిగిపోతుంది, తాళంచెవి మాత్రం సర్వర్ నుంచి తర్వాత వస్తుంది. అప్పటిదాకా ఫైల్ ఉందని తెలుస్తుంది, లోపల ఏముందో తెలియదు. అందుకే "కొత్త రహస్య బిల్డ్ కనిపించింది" అనే వార్తలో కథకు సంబంధించింది ఏమీ ఉండదు. లోపల పని జరుగుతోందని మాత్రమే అర్థం.

లీకైన క్లయింట్ (ఆట ప్రోగ్రామ్) డౌన్‌లోడ్ చేసుకోమని లింక్ వచ్చింది. చేసుకోనా?

వద్దు. అలాంటి లింకుల వెనక ఉండేది మీ పాస్‌వర్డ్ కాజేసే ప్రోగ్రామ్. బీటా కీ ఇస్తామని వచ్చే మెయిళ్లూ అంతే. బీటాకి పేరిచ్చుకోవాలన్నా, పిలుపు వచ్చిందో లేదో చూసుకోవాలన్నా బాటిల్‌నెట్‌లో మీ అకౌంట్‌లోకి మీరే వెళ్లి చూసుకోండి, మెయిల్లో ఉన్న లింక్ నొక్కి కాదు. ఆథెంటికేటర్ (లాగిన్‌కి రెండో తాళం) పెట్టుకోకపోతే ఇప్పుడే పెట్టుకోండి.

లీకులు చదివితే నా అకౌంట్ బ్యాన్ అవుతుందా?

చదివినందుకు కాదు. క్లయింట్‌ని మార్చి వాడటం, రహస్యంగా ఉంచుతామని ఒప్పుకుని ఆ మాట తప్పడం వేరే సంగతి. ఆ పనులు చేసేవాళ్లకు ఈ పేజీ అక్కర్లేదు.

## విడుదల ముంగిట, ఆ తర్వాత

స్పాయిలర్ల బారిన పడకుండా ఆడాలంటే ఏం చేయాలి?

గేమ్‌లో జనరల్, ట్రేడ్ ఛానెళ్ల నుంచి బయటికొచ్చేయండి. క్యారెక్టర్ల పేర్లను సోషల్ మీడియాలో మ్యూట్ పదాలుగా పెట్టుకోండి. వీడియోల టైటిల్స్ కంటే థంబ్‌నెయిల్స్ ప్రమాదం, కాబట్టి మొదటి రెండు వారాలు ఆ యాప్ తెరవకపోవడమే మేలు.

కానీ అసలు ప్రమాదం దగ్గరివాళ్లతోనే. ది వార్ వితిన్ ఖరీదైన ఎడిషన్ కొన్నవాళ్లకు 2024 ఆగస్టు 22 నుంచే ఆడే వీలుంది. నేను కొనలేదు. నాలుగు రోజులు అన్నీ మూసుకుని బుద్ధిగా కూర్చున్నాను. మూడో రోజు రాత్రి గిల్డ్‌లో ఒక తమ్ముడు పాపం అమాయకంగా అడిగాడు: "అన్నా, దలారాన్ లేదు కదా, ఇప్పుడు హార్త్‌స్టోన్ ఎక్కడ పెట్టుకుంటే బాగుంటుంది?" హార్త్‌స్టోన్ అంటే మనం ఎంచుకున్న ఊరికి తిరిగి చేర్చే రాయి. వాడి దృష్టిలో అది హార్త్‌స్టోన్ ప్రశ్న. తిట్టడానికి కూడా మనసు రాలేదు.

లీక్‌లో చెప్పింది గేమ్‌లో రాలేదు. అంటే అబద్ధమనేగా?

అలా అని తేల్చలేం. కంపెనీ వేదిక మీద నిలబడి చెప్పినవే రాకుండా పోయాయి. 2009 బ్లిజ్‌కాన్‌లో కాటాక్లిజమ్ కోసం పాత్ ఆఫ్ ది టైటన్స్ అనే పద్ధతిని ప్రకటించి, తర్వాత తీసేశారు. అంతకు ముందు రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ కోసం చెప్పిన డాన్స్ స్టూడియో కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నాం. వార్లార్డ్స్ ఆఫ్ డ్రేనోర్‌లో కరాబోర్, బ్లేడ్‌స్పైర్ రాజధానులవుతాయని 2013లో చెప్పారు. చివరికి రాజధానులు ఆష్రాన్‌కి మారిపోయాయి. అధికారిక ప్రకటనల గతే ఇలా ఉంటే, తయారీ మధ్యలో జారిపోయిన కాగితం మాటేమిటి?

దురదృష్టమేమిటంటే ఫేక్ చేసేవాళ్లకూ ఇదే కవచం. "నిజమే, కానీ ఆఖర్లో తీసేశారు" అంటే ఎవరూ కాదనలేరు.

లీక్ చదివి కథ మీద మనసు విరిగింది. ప్రీఆర్డర్ వదిలేయాలా?

డబ్బు మీది, ఆగి చూసి కొన్నా నష్టం లేదు. మనసు విరిగిన సంగతి మాత్రం కాస్త ఆలోచించండి. బ్యాటిల్ ఫర్ అజెరాత్ ఎక్స్‌పాన్షన్ అప్పుడు నైట్ ఎల్ఫ్‌ల ఇల్లయిన టెల్‌డ్రాసిల్ మహావృక్షం తగలబడుతుందని అందరికీ ముందే తెలుసు. సంగతి తెలుసు, కారణం తెలియదు. వేరే ఎవరో చేశారని, వెనక పెద్ద పన్నాగం ఉందని నెలల తరబడి వాదించుకున్నాం. 2018 జులై 31న వచ్చిన షార్ట్ ఫిల్మ్‌లో హోర్డ్ పక్షం నాయకురాలు సిల్వానాస్ ఒక చావు బతుకుల్లో ఉన్న నైట్ ఎల్ఫ్‌తో మాట్లాడుతూ మాట్లాడుతూ చెట్టును తగలబెట్టమంది. హోర్డ్ ఆడేవాళ్లలో చాలామందికి ఆ నిమిషంలో కోపం వచ్చింది, నాకూ వచ్చింది. ఆ కోపం లీక్ చదివినందుకు రాలేదు. ఆ ముఖం, ఆ మౌనం చూసినందుకు వచ్చింది. ఇష్టమైనా అయిష్టమైనా, అది చూశాకే వచ్చింది.

కొత్తగా మొదలుపెట్టాను. ఈ లీకుల్లో పేర్లు అర్థం కావాలంటే ఎక్కడి నుంచి చూడాలి?

ఉల్దువార్ రెయిడ్‌కి వెళ్లండి. 2009 ఏప్రిల్‌లో ప్యాచ్ 3.1తో వచ్చింది. ఇప్పటి లెవెల్‌తో ఒక్కరే వెళ్లి ముగించొచ్చు. టైటన్‌లు పెట్టిన కీపర్లు (కాపలాదారులు) ఫ్రేయా, హోదిర్, థోరిమ్, మిమిరాన్ అక్కడే ఉంటారు, వాళ్ల కింద బందీగా పాత దేవుడు యోగ్-సారాన్ ఉంటాడు. టైటన్‌ల దూత ఆల్గలాన్ గది దాకా వెళ్తే కాస్త ఆగి అతను మాట్లాడేది పూర్తిగా వినండి. టైటన్‌లు లోకాలను ఎలా లెక్కగడతారో అతని మాటల్లో ఉంది. తర్వాత ఆంటోరస్ చివరి సినిమాటిక్ చూడండి. ఒక సాయంత్రం పని.

కొత్త సమాచారం ఎప్పుడొస్తుంది?

తర్వాతి బ్లిజ్‌కాన్ 2026 సెప్టెంబరు 12, 13 తేదీల్లో అనాహైమ్‌లో అని ప్రకటించారు. ఆ ముందు వారం మీ దగ్గరికి వచ్చే స్క్రీన్‌షాట్లు నాకు పంపండి, చూస్తాను. పంపేటప్పుడు ఎక్కడ దొరికిందో ఆ లింక్ కూడా పెట్టండి, కత్తిరించిన బొమ్మ ఒక్కటే పంపితే నేను టైప్ చేసే మాట ఏమిటో మీకు తెలుసు.